బుల్లబ్బాయి గారి తేరు తాడు

అమలాపురం దాటి పావుగంట అయిందో లేదో, బస్సు ఒక కాలవ వంతెన దగ్గర ఆగింది. ముందు ఒక తాడు ఎక్కింది. దాని వెనకాల మనిషి ఎక్కారు.

అతిశయోక్తి కాదు. బండి చక్రమంత చుట్ట, బొటనవేలి కంటే లావున్న కొబ్బరిపీచు తాడు, మెట్ల మీదుగా దొర్లుకుంటూ వచ్చి నడవలో కూలబడింది. అది సర్దుకున్నాక తెల్ల పంచె, తెల్ల చొక్కా, భుజాన ఉతికిన తువ్వాలు, నుదుట కుంకుమ బొట్టుతో ఒక పెద్దాయన పైకి వచ్చారు. డెబ్బై దాటి ఉంటాయి. మెట్లెక్కిన ఆయాసం తీరకముందే కండక్టరు ఎదురయ్యాడు.

"ఏంటండీ బాబూ ఇది?"

"తాడండి."

"తాడని కనబడతానే ఉందండి. నడవలో ఇది పడుకుంటే జనం ఎక్కడ నుంచుంటారని అడుగుతున్నాను."

"మామూలు తాడు కాదండి. గవ్వలపాలెం మేరమ్మ తల్లి తేరు తాడు. ఇయ్యాళ పండగ కదండి."

"తేరు తాడైతే తేరుకి కట్టండి. నా బస్సుకెందుకండీ?"

బస్సంతా నవ్వింది. వెనక సీట్లోంచి పసుపు రాసుకున్న మొహం ఒకటి ముందుకి వంగింది. "ఏవయ్యోయ్ కండక్టరూ! పండగ పూట అమ్మ తాడుని దింపేస్తావా? కావాలంటే నువ్వు దిగిపో. తాడు నుంచుంటది నీ బదులు."

"ఆయ్, నేనింక మాట్టాడితే ఒట్టండి," అని కండక్టరు విజిలు వేశాడు.

తాడు నా సీటు పక్కకి చేరింది. పెద్దాయన నా పక్కన కూర్చున్నారు. కూర్చుంటూనే నా కాళ్లవైపు చూశారు. "కాలు తగలనివ్వకండేం. ఏవనుకోకండి." నేను కాళ్లు రెండూ పైకి తీసుకుని సీటు మీద మఠం వేసుకున్నాను. మిగతా ప్రయాణమంతా నేను అలా కూర్చునే చేశాను. నా వయసులో అదొక తపస్సు.

ఇంతకీ నేను ఓడలరేవు వెళదామని బయలుదేరాను. పేరులో ఓడలున్న ఊళ్లో ఇప్పుడు ఏమున్నాయో చూడాలనిపించింది, అంతే. నా ప్రయాణాలు చాలామటుకు ఇలాంటి కారణాల మీదే నడిచాయి. తీరా వెళితే చూద్దామనుకున్నది కనిపించదు, దారిలో ఎవరో కనిపిస్తారు. ఆ రోజు ఓడలరేవు చూడనేలేదు. ఇప్పటికీ చూడలేదు.

సంచిలో ఆత్రేయపురం పూతరేకుల పొట్లం ఉంది. ముందురోజు రావులపాలెంలో బస్సు మారుతూ కొన్నది. ఒకటి తీసి ఆయనకిచ్చాను. ఆయన ఎడం చెయ్యి చాపారు.

"ఎడంచేత్తో తీసుకుంటున్నాను. తప్పుగా అనుకోకండి," అన్నారు. కుడి చెయ్యి తువ్వాలు కింద ఉంది. తువ్వాలు అంచు అదేపనిగా కదులుతోంది. కిటికీలు మూసే ఉన్నాయి, గాలి లేదు. నేను కిటికీ బయటికి చూశాను.

పేరడిగితే బుల్లబ్బాయి అన్నారు. రేషను కార్డులో వెంకట సత్యనారాయణమూర్తి అట. ఆ పేరుతో పిలిస్తే తనకే పలకాలని తోచదట. గోదావరి పాయల మధ్య ఈ సీమలో ఇదొక ముచ్చట. పుట్టినప్పుడు ముద్దుగా పెట్టిన పేరు మనిషిని జీవితాంతం వదలదు. నేను ఎనభై ఏళ్ల చంటిబాబులను చూశాను, మునిమనవల్ని ఎత్తుకున్న బుజ్జమ్మలను చూశాను. పెద్దయ్యాక పేరులో గారు చేరుతుంది గానీ బుల్లితనం పోదు.

"తాడు ఎవరు చేశారండీ?" అన్నాను.

"నేనేనండి." కాస్త ఆగి మళ్లీ అన్నారు. "నేనే పేనేను."

అడగని రెండోసారి సమాధానం నాకు వింతగా తోచింది. కానీ బస్సులో పరిచయమైన మనిషిని అంతకంటే అడగకూడదు. వాళ్లే చెబుతారు.

చెప్పారు. ఆయనది పేరమ్మలంక. నాలుగెకరాల కొబ్బరి తోట, దాని కింద కాస్త వరి. ఆరు తరాలుగా ఆ ఇంట్లో ప్రతి ఏడూ చైత్రంలో కాయల మీంచి ఒలిచిన కొబ్బరి డొక్కలు కాలవలో నానవేస్తారు. అవి మెత్తబడ్డాక తీసి, కర్రతో చితక్కొట్టి, పీచు దులిపి ఆరబెడతారు. శ్రావణం నుంచి పేనడం మొదలు. అరచేతుల మధ్య నలిపి పురి ఎక్కించి సన్నని పోగులు చేస్తారు, పోగులు కలిపి పేటలు, మూడు పేటలు కలిపి తాడు. ఇరవై అయిదు బారలు. సెప్టెంబరు ఎనిమిదిన మేరీమాత పుట్టినరోజు పండక్కి గవ్వలపాలెం గుడి తేరుని లాగేది ఆ తాడే.

"మీరు హిందువులు కదండీ. మీ ఇంటికి ఈ తాడు ఎలా వచ్చింది?"

"అదొక కథండి. మా ముత్తాతగారి తాతగారు ఉప్పెనలో కొట్టుకుపోతుంటే ఆ గుడి కిటికీ చువ్వ చేతికి తగిలిందట. మూడు రోజులు ఆవుల్తో సహా గుళ్లోనే ఉన్నారట. ప్రాణం మిగిలింది, ఏటేటా తాడిచ్చుకుంటాను తల్లీ అని మొక్కుకున్నారు."

ఈ కథకి రెండో పాఠం ఉందని అప్పటికి నాకు తెలియదు. గుడి చేరేదాకా ఆగాల్సి వచ్చింది.

అసలు విశేషం తాడు చెయ్యడంలో లేదు, కలపడంలో ఉంది. ఊరేగింపు అయ్యాక ఆ తాడుని ముక్కలు చేసి జనానికి పంచుతారు. జాలరులు పడవ ముక్కుకి కట్టుకుంటారు, రైతులు గొడ్డు మెడలో వేస్తారు, బాలింతలు ఉయ్యాలకి కడతారు. ఒక్క బార మాత్రం గుళ్లో పీఠం పక్క పెట్టెలో దాస్తారు. మరుసటేడు కొత్త తాడు రాగానే ఆ పాత బారని దాని మొదట్లో కలుపుతారు. కలిపాకే అది తేరు తాడు. అప్పటిదాకా ఉత్త తాడే.

"అంటే మొదటి తాడు నుంచీ తెగకుండా వస్తోందన్నమాట," అన్నాను.

"తెగలేదండి. తొంభయ్యారు తుపానులో గుడి కప్పు లేచిపోయింది, పెట్టె మిగిలింది. ఆ ఏడు మా తోటలో చెట్టన్నది నిలబడలేదు. పడిపోయిన కాయల డొక్కల్తోటే మరుసటేడు పండక్కి పేనేను." మోకాలి మీద పూతరేకు నుంచి రాలిన చక్కెర పొడి దులుపుకున్నారు. "ఈ ఏడు ఫాదరు గారు నైలాను తాడు కొనుంచేరటండి. క్రిస్మసుకి నాకు టీ ఇచ్చేరు. గ్లాసు నా చేతిలో నిలబడలేదు. చూసేరు. 'పెద్దవారు, మీకెందుకండీ శ్రమ' అన్నారు. మంచివారేనండి. కానీ ఒక్కసారి నైలాను ఎక్కిందంటే మరి దిగదండి. ఈ తాడు ఇయ్యాళ కలవాలి. కలిసి తేరు లాగాలి. లేదా మా ఇంటి తాడు నాతో సరి."

ఓడలరేవుకి టిక్కెట్టు తీసుకున్నవాణ్ని గవ్వలపాలెంలో దిగిపోయాను.

చుట్టకి కర్ర దూర్చి చెరో కొస పట్టుకున్నాం. రోడ్డు నుంచి గుడికి అర కిలోమీటరు. ఇసకలో నడక. రెండు పక్కలా అప్పుడే కొట్లు పెడుతున్నారు. కొవ్వొత్తులు, కొబ్బరికాయలు, జీళ్లు, ఖర్జూరం, ప్లాస్టిక్ గాజులు, మైనంతో చేసిన చిన్న చిన్న కాళ్లు, చేతులు, కళ్లు. ఒంట్లో ఏది బాగుపడాలో దాని బొమ్మ కొని అమ్మ ముందు పెడతారు. ఒక కొట్టులో మైనపు పడవలు, ఇంకో కొట్టులో మైనపు సెల్‌ఫోన్లు కూడా చూశాను. సెల్‌ఫోను ఎందుకని అడిగితే కొట్టతను, "ఉద్యోగం ఇంటర్వ్యూ కాల్ రావాలని పెడతారండి," అన్నాడు. మనిషి కోరికలతో పాటు మైనం కూడా ఎప్పటికప్పుడు మారుతుంది.

గుడి చిన్నదే. సున్నం, బెల్లం, కోడిగుడ్ల సొన కలిపి కట్టిన గోడలు అంటారు. ఇలాంటి గోడల గురించి దేశమంతా ఇదే చెబుతారు, నేను ఎక్కడ చూసినా కోడిగుడ్లు ఉన్నాయి. పూర్వం ఆ గోపురాన్ని గురుతు పెట్టుకునే పడవలు ఒడ్డుకి వచ్చేవట. ఇప్పుడు ఫోన్లో చూసుకుని వస్తున్నారు గానీ గోపురానికి తెల్ల సున్నం మాత్రం ఏటా జాలరులే వేస్తారు. సముద్రం ఒకప్పుడు మైలు దూరంలో ఉండేదట. ఇప్పుడు ప్రార్థన మధ్యలో నిశ్శబ్దం వస్తే అలల చప్పుడు లోపలికి వచ్చి కూర్చుంటుంది. గోపురం కొంచెం సముద్రం వైపే వంగింది. వినడానికి చెవి అటు పెట్టి వంగినట్టు ఉంటుంది.

మంటపం కింద తేరు సిద్ధంగా ఉంది. కర్ర చక్రాలు నాలుగు, పైన గొడుగు, మధ్యలో నీలి పట్టుచీర కట్టిన అమ్మ. చుట్టూ బంతిపూలు, అరటి బోదెలు. ఉదయం పూజ ముగిసింది. జనం ఇళ్లకి వెళ్లి తినొస్తారు. తేరు కదిలేది సాయంత్రం నాలుగింటికి.

తేరు పక్కన ఒకాయన గొంతుక్కూర్చుని పాత తాడు ముక్కని ఒడిలో పెట్టుకుని దువ్వుతున్నాడు. నల్లటి మనిషి, తెల్లటి మీసం, మెడలో శిలువ, చేతికి వాచీ లేని చోట తెల్లటి చార. మమ్మల్ని చూసి లేచాడు.

"ఏం బావగారూ! తాడొచ్చింది, మీరొచ్చేరు, కొత్తగా ఈయనెవరు? తాడుకి కాపలానా, మీకా?"

"బస్సులో దొరికేరు బావగారూ. కాళ్లు ముడుచుకుని బుద్ధిగా కూర్చున్నారు."

ఆయన పేరు ఇశ్రాయేలు. పడవ ఉంది, వేట మానలేదు. పాత బార కొత్త తాడుకి కలిపే పని ఆయన ఇంటిది. పేనడం పేరమ్మలంక రైతులది, కలపడం గవ్వలపాలెం జాలరులది. నలభై ఏళ్లుగా వీళ్లిద్దరూ ఏడాదికి ఒక్క పూట ఒక తాడు మీద కూర్చుంటారు. ఈ చుట్టరికానికి పేరు లేక, ఇద్దరూ ఒకరినొకరు బావగారూ అనుకుంటారు.

"వీళ్ల ముత్తాతగారి తాత కథ చెప్పేరా మీకు? ఉప్పెనా, కిటికీ చువ్వా?" అన్నాడు ఇశ్రాయేలు నాతో.

"చెప్పారు."

"మా ఇంట్లో చెప్పేది వేరేనండి. ఆ తాతగారి గేదె ఊబిలో దిగబడితే గుడి తాడు అడిగి తీసుకెళ్లేరట. గేదె వచ్చింది గానీ తాడు తెగింది. ఇంకోటి పేనివ్వండి అన్నారట అప్పటి ఫాదరు గారు. ఎన్నాళ్లు ఇవ్వాలో చెప్పడం మాత్రం మర్చిపోయేరు."

"నీ కథలో మా తాతగారికి మర్యాద లేదు బావగారూ."

"గేదెకుందిగా!"

నవ్వుతూనే పనిలో పడ్డాడు. పాత బార కొస మూడు పేటలూ విప్పాడు. కొత్త తాడు కొస కూడా విప్పాడు. ఒకదాని పేటలు రెండోదాని సందుల్లో దూర్చి, బిగించి, మళ్లీ దూర్చి అల్లుకుంటూ పోయాడు. చేతులు వేగంగా ఆడుతున్నాయి. బుల్లబ్బాయి గారు దగ్గరగా కూర్చుని చూస్తున్నారు. ఆయన కుడి చెయ్యి ఇప్పుడు ఒళ్లో, ఎడం చేతి కింద ఉంది.

మధ్యలో ఇశ్రాయేలు చెయ్యి ఒకసారి ఆగింది. పేట ఒకటి మళ్లీ తీసి మళ్లీ దూర్చాడు. మొహం చిట్లించాడు. అల్లిక పూర్తి చేసి పాత కొసని మంటపం స్తంభానికి కట్టి, కొత్త తాడు పట్టుకోమని నలుగురు మనుషుల్ని పిలిచాడు.

"లాగండి. తేరనుకుని లాగండి."

లాగారు. తాడు బిగిసింది. కలిసిన చోట అల్లిక నెమ్మదిగా, ఒళ్లు విరుచుకున్నట్టు, తిరగడం మొదలెట్టింది. తిరుగుతూ తిరుగుతూ పేటలు వదులయ్యాయి. నలుగురూ వెనక్కి ఇసకలో పడ్డారు. పాత బార స్తంభానికి వేలాడుతూ ఉండిపోయింది.

ఇశ్రాయేలు మళ్లీ అల్లాడు, ఇంకా పొడుగ్గా. మళ్లీ అంతే. ఈసారి పడ్డవాళ్లు కూడా నవ్వలేదు.

ఆయన రెండు తాళ్లనీ పక్కపక్కన తొడ మీద పెట్టుకున్నాడు. బొటనవేలితో ఒక దాని మీద పురి వెంట రాశాడు. తరవాత రెండో దాని మీద. రెండోసారి వేలు ఎదురు వైపు పోయింది.

"బావగారూ. ఈ తాడు ఎవరు పేనేరు?"

"నేనేనయ్యా."

"మీ నాన్నగారు పేనింది నాకు తెలుసు. మీరు పేనింది తెలుసు. మీ ఇంటి తాడు కళ్లు మూసుకుని చెబుతాను. అన్నీ కుడి పురి. ఇది మొదటి పోగు నుంచీ ఎడం పురి. రెండూ కలిపి లాగితే ఒకదాన్నొకటి విప్పేసుకుంటాయి. వందసార్లల్లినా ఇంతే."

బుల్లబ్బాయి గారు తల దించుకున్నారు.

చిక్కుడు తీగ పందిరి కర్రకి ఎటు చుట్టుకుంటుందో మీరెప్పుడైనా గమనించారా? ఎన్ని విత్తనాలు పెట్టినా ఒకే వైపు తిరుగుతుంది. మీరు పట్టి రెండోవైపు చుట్టి వదిలితే రాత్రికి విప్పుకుని మళ్లీ దాని వైపే వెళుతుంది. శంఖాలూ అంతే, లక్షల్లో ఒకటి రెండో వైపు తిరిగితే దాన్ని పూజలో పెడతాం. మనిషి చేతికి మాత్రం ఆ అదృష్టం లేదు. రెండో వైపు తిరిగే చేతిని మనం కొడతాం, తిడతాం, అన్నం ముద్ద లాగేసుకుంటాం. తీగా శంఖమూ అప్పుడే తోచాయి గానీ, చేతి మాట మాత్రం ఆ మంటపం కింద నిలబడి అనుకున్నది కాదు. తరవాత, చాలా ఊళ్లు తిరిగాక అనుకున్నది.

ఈలోగా ఫాదరు ప్రకాష్ గారు వచ్చారు. ముప్పై అయిదేళ్లుంటాయేమో, తెల్ల అంగీ, చేతిలో ప్లాస్టిక్ కాగితం ఇంకా విప్పని నైలాను చుట్ట. దాన్ని వీపు వెనక దాచుకోవాలో ముందు పెట్టాలో తెలియనట్టు పట్టుకున్నారు.

"కలవలేదటగదండీ," అన్నారు మెల్లగా. "బాధపడకండి బుల్లబ్బాయి గారూ. దీంతో లాగిద్దాం. మీ తాడుని అమ్మ పాదాల దగ్గర దండలాగా వేద్దాం. గౌరవంగా ఉంటుంది."

బుల్లబ్బాయి గారు తల ఎత్తారు. ఆ తాడుని దండ చేస్తామన్న మాటకి ఆయన మొహం ఎలా అయిందో నేను చూశాను.

"తాడులో లోపం లేదండి ఫాదరు గారూ," అన్నారు. "లోపం నాది. అబద్ధమాడేను. నేను పేనలేదు. ఒక్క పోగు కూడా నాది కాదు. మా ఆవిడ కనకమహాలక్ష్మి పేనింది."

మిగతాదీ ఆయనే చెప్పారు. ఎవరి వైపూ చూడకుండా, తాడు వైపు చూస్తూ చెప్పారు.

ఆయన భార్యకి పుట్టుకతో ఎడంచేతి వాటం. కాపురానికి వచ్చిన ఏడు అత్తగారు పీచు దగ్గరకి రానివ్వలేదు. ఎడంచేత్తో పేనిన తాడు అమ్మ తేరుకి పనికిరాదు, కీడు అంది. ఆ మాట అన్నది మేరమ్మ కాదు, గవ్వలపాలెం కాదు, అత్తగారు. కానీ ఆ మాట ఇంట్లో నిలిచిపోయింది. అత్తగారు పోయారు, మాట పోలేదు. నలభై ఏడేళ్లు ఆవిడ డొక్కలు నానవేసింది, చితక్కొట్టింది, దులిపింది, ఆరబెట్టింది. పేనడం దగ్గరికి వచ్చేసరికి లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది. పండక్కి వచ్చేది కూడా కాదు. గొడ్లున్నాయండి అనేదట. ఆయన తిరిగొస్తూ ఒక ముక్క తీసుకెళ్లి గడప పైన కడితే, దాన్ని చూసి, "బాగా కుదిరింది ఈ ఏడు," అనేదట.

"ఈ శ్రావణంలో కూర్చున్నానండి. పురి నిలబడ్డం లేదు. చెయ్యి ఎటు పోతే అటు పోతోంది. నాలుగు రోజులు చూసేను. అయిదో రోజు వాకిట్లో ఆవిడ వచ్చి పీచు తన వైపు లాక్కుంది. ఒక్క మాట అన్లేదు. నేనూ అన్లేదు. అందిస్తా కూర్చున్నాను. నెలా పది రోజులు. పక్కింటోళ్లు ఇద్దరు పేటలు పట్టుకున్నారు. ఆవిడ చేతి వంక నేను చూళ్లేదండి. చూస్తే నా చెయ్యి గుర్తొచ్చేది. చూసుంటే పురి ఎటు తిరుగుతోందో తెలిసేది. నలభై ఏళ్లు పేనిన వాణ్ని, తాడు చుట్టేటప్పుడైనా తెలియాలి. తెలీలేదు."

"పొద్దున బయల్దేరేటప్పుడు ఏమన్నారావిడ?" అని అడిగాను.

"జాగ్రత్తగా తీసుకెళ్లండి అంది. ఎవరు పేనేరని అడిగితే మీరే అని చెప్పండి, లేకపోతే ఒప్పుకోరు అంది."

ఇశ్రాయేలు ఉన్నట్టుండి నవ్వాడు. మంటపం మోగింది.

"ఆ మాట బండి దిగగానే చెబితే రెండు సార్లు ఇసకలో పడేవోళ్లం కాదు కదయ్యా బావగారూ! ఎడంచేతి తాడుతో తంటా మీ నేల మీదోళ్లకి. మాకెందుకు? సముద్రం మీద ఎవడి తాడు దొరికితే ఆ తాడు కలుపుతాం. దానికీ ఒక కిటుకుంది. ఉండండి."

పడవ దగ్గరికి వెళ్లి వచ్చాడు. లంగరు తాడుకి వేసే ఇనప రింగు, రెండు సగాలూ దేనికది విడిగా తిరిగేది, తెచ్చాడు. ఒక్కో తాడు కొసనీ వెనక్కి మడిచి, దాని పేటలు దానిలోనే అల్లి, సూది బెజ్జం లాంటి కన్ను చేశాడు. పాత తాడు కన్ను రింగుకి ఒక వైపు, కొత్త తాడు కన్ను రెండో వైపు. ఏ తాడు పేటలు ఆ తాడులోనే ఉన్నాయి. లాగినప్పుడు తిరగాలనిపిస్తే రింగు తిరుగుతుంది, తాడు విప్పుకోదు.

"ఇనుము మధ్యలో రావచ్చా?" అని గుంపులో ఎవరో సణిగారు. "పాతదీ కొత్తదీ తగలాలి కదా."

ఇశ్రాయేలు ఫాదరు గారి వైపు చూశాడు. ఫాదరు గారు చేతిలో నైలాను చుట్టని తేరు చక్రం వెనకాల నెమ్మదిగా కింద పెట్టారు. "తుపాన్లో పడవని నిలబెట్టిన ఇనుమే కదండీ. దానికంటే శుద్ధి ఏం చేస్తాం?" అన్నారు. ఒక ఆడమనిషి ముందుకి వచ్చి తన కొప్పులోంచి పూలదారం తీసి రెండు కళ్లనీ కలిపి మూడు చుట్లు చుట్టింది. "ఇప్పుడు తగిలేయి కదా," అంది సణిగిన మనిషితో. అతను తల గోక్కున్నాడు.

ఈసారి ఎనిమిది మంది లాగారు. తాడు బిగిసింది. రింగు సగం చుట్టు తిరిగి ఆగింది. ఎనిమిది మంది మడమలు ఇసకలో దిగబడ్డాయి. స్తంభం పైన పూల తోరణం ఊగింది. తాడు ఊగలేదు.

"ఇంకా లాగండెహె! అన్నం తిన్లేదా?" అన్నాడు ఇశ్రాయేలు.

"తిన్లేదండి. మీరు వదిలితేగా!"

బుల్లబ్బాయి గారు వంగి తాడుని ముట్టుకున్నారు. పొద్దుట్నుంచీ మోసుకొచ్చిన తాడే. ఆ పురిని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు, ఒక బార మేర వేలితో వెంబడించారు. "గట్టిగా పేనింది," అన్నారు ఎవరితోనో కాదు. "నాకంటే గట్టి."

ఫాదరు గారికి పని తెమిలిన సంతోషం వచ్చింది. "అయితే నాలుగింటికి తేరు. ఆశీర్వాదం కాగానే తొలి పట్టు..." అని ఆగిపోయారు.

తొలి పట్టు అంటే తాడుని అందరికంటే ముందు పట్టుకోవడం. ఆ చెయ్యి పడ్డాకే మిగతా ఊరు చెయ్యి వేస్తుంది. ఎవరు పేనితే పట్టు వాళ్లది. నలభై ఏళ్లుగా అది బుల్లబ్బాయి గారిది. గుడి లోపల గోడకి వరసగా ఫోటోలు ఉన్నాయి, ప్రతి ఏడూ ఒకటి. అన్నిట్లోనూ తాడు పట్టుకుని ఆయనే.

ఫాదరు గారు సర్దడానికి చూశారు. "మీరే పట్టండి. ఇంటి తరఫున. ఏం ఇశ్రాయేలు గారూ?"

ఇశ్రాయేలు మీసం నిమురుకున్నాడు. "నన్నడిగితే నేనేం చెప్పనండి? పేనినోళ్లది పట్టు. బావగారికి తెలీదా?"

"తెలుసు బావగారూ," అన్నారు ఆయన. తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు. "టైమెంతైందండీ?" అని నన్నడిగారు.

"పన్నెండుంబావు."

"బస్సు పన్నెండున్నరకి ఉందాండీ?"

కొబ్బరికాయల కొట్టతను ఉందన్నాడు. పేరమ్మలంక నుంచి తిరుగు బస్సు రెండింటికట, తప్పితే ఆటోలున్నాయట.

నేను ఫాదరు గారితో చిక్కుడు తీగ సంగతి మొదలెట్టాను. మనిషికి వయసు మీరితే ఇదొక జబ్బు, ఏదైనా చూసిన వెంటనే దానికి పోలిక ఇంకెక్కడో వెతుకుతాడు. ఆయన మర్యాదగా వింటున్నారు. శంఖాల దాకా వచ్చి, మీరేమంటారు అని పక్కకి తిరిగితే బుల్లబ్బాయి గారు లేరు.

కొట్ల వరసలో ఉన్నారు. కొవ్వొత్తులు పట్టుకుని, పిల్లల్ని భుజాలకెత్తుకుని జనం అప్పుడే గుడి వైపు రావడం మొదలైంది. ఆయన ఒక్కరే ఎదురు వెళుతున్నారు. ఇసకలో చెప్పులు జారుతుంటే వాటిని విప్పి చేత్తో పట్టుకున్నారు.

"బుల్లబ్బాయి గారూ!" అని అరిచాను. "ఫోను చేస్తే సరిపోతుంది కదండీ!"

వినపడిందో లేదో వెనక్కి తిరగలేదు.

"ఫోన్లో అడిగితే గొడ్లున్నాయంటుందండి ఆవిడ," అన్నాడు ఇశ్రాయేలు, తేరు ముందు తాడుని పాములా పరుచుకుంటూ. "గుమ్మంలో నుంచుని అడగాలి."

తెల్ల చొక్కా జీళ్ల కొట్టు దాకా కనబడింది. రోడ్డు మీద బస్సు హారను వినిపించింది. ఆయన పరుగెత్తారు.